సైబరాబాద్ ఎదుగుదల, యాగా వేణుగోపాల్ రెడ్డి ఆర్థిక పాలన

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన నాటి నుంచి హైటెక్ సిటీ చరిత్రను ముఖ్యమంత్రులు, కంపెనీలు, భవనాల పేర్లతో చెప్పడం పరిపాటి అయింది. అయితే అక్కడ నిర్మాణాలు జోరందుకున్న 2003-2008 కాలంలో దేశంలోని బ్యాంకుల అప్పులకు పగ్గాలు వేసిన రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లా వాడైన సంగతికి ఆ చరిత్రలో తగిన చోటు దక్కలేదు.

ఆ గవర్నరే యాగా వేణుగోపాల్ రెడ్డి. 1941లో జన్మించిన ఆయన మద్రాసులో అర్థశాస్త్రం చదివి, 1964లో ఆంధ్రప్రదేశ్ ఐ.ఏ.ఎస్. అధికారి అయ్యారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. 1991లో విదేశీ మారక నిల్వలు అడుగంటి, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టవలసి వచ్చినప్పుడు ఆయన కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారాలు చూస్తున్న సంయుక్త కార్యదర్శి. ఆ తరువాత స్వల్పకాలిక విదేశీ అప్పులకు హద్దు ఉండాలని చెప్పిన రంగరాజన్ కమిటీకి సభ్య కార్యదర్శిగా పనిచేశారు.

ఆ హద్దు విలువ ఏమిటో థాయిలాండ్ చూపింది. డాలరుకు సుమారు 25 బాత్‌ల స్థిర విలువను నమ్ముకొని అక్కడి సంస్థలు తక్కువ గడువు డాలరు అప్పులు తెచ్చి, అందులో పెద్ద భాగాన్ని బ్యాంకాక్ స్థలాలు, భవనాల్లో పెట్టాయి. 1997 జూలై 2న ప్రభుత్వం ఆ స్థిర విలువను వదులుకోగానే అప్పుల భారం రెట్టింపు దిశగా పరుగెత్తింది. మరుసటి నెలలో, అప్పటికి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న రెడ్డి, రూపాయి విలువ ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉన్నదని సూచికలు చెబుతున్నాయని గోవా ప్రసంగంలో బహిరంగంగానే అన్నారు. రూపాయి తగ్గింది, కానీ బాత్ లాగా కుప్పకూలలేదు.

గవర్నరు అయ్యాక ఆయన చేపట్టిన పనిలో రిస్క్ వెయిట్ పెంపు ముఖ్యమైనది. రిస్క్ వెయిట్ అంటే ఇచ్చిన అప్పును ఎంత ప్రమాదకరమైనదిగా లెక్కించాలో తెలిపే శాతం. అది 100 అయితే వంద రూపాయల అప్పుకు బ్యాంకు 9 రూపాయల మూలధనం ఉంచాలి; వాణిజ్య భవనాల అప్పులకు దానిని 2005లో 125కు, 2006లో 150కి పెంచడంతో అదే అప్పుకు పదమూడున్నర రూపాయలు ఉంచవలసి వచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలిలోని కార్యాలయ భవనాలకు బ్యాంకులిచ్చే అప్పుకూ ఇదే లెక్క. వృద్ధి పరుగు తీస్తున్న రోజుల్లో ఇటువంటి కట్టడికి మెప్పు రాదు. నాటి ఆర్థిక మంత్రి చిదంబరంతో వచ్చిన విభేదాలను రెడ్డి తన ఆత్మకథలో దాచలేదు.

2008 సెప్టెంబర్ 5న ఆయన పదవి నుంచి దిగారు. పదో రోజున అమెరికాలో పెట్టుబడి బ్యాంకు లీమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఏలూరులో పుట్టి, 1990లలో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శిగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు తదుపరి గవర్నరుగా ఆ నవంబరులోనే వాణిజ్య భవనాల రిస్క్ వెయిట్‌ను తిరిగి 100కు దించారు. మంచి రోజుల్లో బిగించి ఉంచినందువల్లనే చెడ్డ రోజుల్లో సడలించే వీలు చిక్కింది. రెడ్డి ప్రతిభకు ఇంతకన్నా గట్టి రుజువు అక్కరలేదు.

పదవి వీడాక ఆయన గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గౌరవ ఆచార్యులయ్యారు. ఆయన అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచమని సిఫారసు చేయగా, కేంద్రం అంగీకరించింది. సైబరాబాద్ చరిత్ర రాయబోయేవారు శంకుస్థాపన ఫలకాలతో పాటు రిజర్వు బ్యాంకు ఉత్తర్వులను కూడా చదవాలి.