పాత గాయము, కొత్త దెబ్బ: నష్టపరిహార చరిత్రపై వజ్రకరూరు నుండి ఒక పరిశీలన

వజ్రకరూరు పేరు చెప్పగానే తొలకరి వానల తరువాత పొలాలలో వజ్రాలు వెదకే జనము గుర్తుకు వస్తారు. అయితే ఆ నేలను ఏడాది పొడవునా నమ్ముకొన్నవారు కూలీలే. అనంతపురము మన దేశములో అతి తక్కువ వర్షపాతము గల జిల్లాలలో ఒకటి. వాన తప్పినప్పుడు బావి తవ్వకము, రాళ్లు కొట్టడము, మట్టి మోత, వలస, ఇవే బ్రతుకుతెరువు. ఇట్టి పనులలో వయసు మళ్లేసరికి నడుమో మోకాలో దెబ్బతినని మనిషి అరుదు. అట్టి కూలీ పనిచోట జారిపడి మంచము పట్టినప్పుడు తరచుగా వినబడే మాట ఒకటున్నది: "నీకు ఆ నొప్పి ముందు నుంచే ఉంది కదా!" ఈ మాటతో పరిహారపు హక్కు తీరిపోతుందా? ఈ ప్రశ్నను వాక్య వెలుగులోను, చట్ట చరిత్రలోను పరిశీలిస్తున్నాము.

హమ్మురాబి శాసనములోని 206వ సూత్రము ప్రకారము, జగడములో తెలియక గాయపరచినవాడు వైద్యుని ఖర్చు భరిస్తే చాలు. నిర్గమకాండము 21:18-19 మరొక అడుగు ముందుకు వేసింది. దెబ్బతిన్నవాని వైద్యమే గాక, అతడు పని మానిన కాలమునకు కూడ సొమ్ము చెల్లించవలెను. ఇది కొట్లాటను గూర్చిన విధియే గాని పని ప్రమాదమును గూర్చినది కాదు. అయినను దాని కొలబద్దను గమనించాలి. దెబ్బకు ముందు అతని శరీరము ఎంత దృఢముగా ఉండెనని అది అడుగలేదు. అతడు ఏమి పోగొట్టుకొన్నాడని అడిగింది.

ఆధునిక చట్టము ఈ కొలబద్దకు చేరుటకు చాలాకాలము పట్టింది. ఇంగ్లండులో కార్మిక పరిహార చట్టము 1897లో వచ్చింది. 1910లో క్లోవర్ క్లేటన్ వ్యాజ్యములో, గుండె నుండి వెడలే పెద్ద రక్తనాళము అప్పటికే ఉబ్బి బలహీనపడిన కార్మికుడు, మామూలుగా మర బిగిస్తుండగా ఆ నాళము చిట్లి మరణించాడు. అది పని వలన జరిగిన ప్రమాదమేనని ప్రభువుల సభ తీర్పు చెప్పింది. 1912లో బాల్ వ్యాజ్యము ఇంకను స్పష్టమైనది. ఒక కంటికి ముందే చూపులేని కార్మికునికి ఆ కంటికే దెబ్బ తగిలి, దానిని తీసివేయవలసి వచ్చింది. చూపు విషయములో అతనికి కొత్తగా పోయినదేమీ లేదు. కాని ముఖము వికారమైనందున పని దొరకలేదు. అదియు అశక్తతయేనని సభ నిర్ణయించింది.

మన దేశపు కార్మిక పరిహార చట్టము 1923లో చేయబడి, 1924 జూలై 1 నుండి అమలయింది. ప్రమాదము పని మూలముగాను, పని సమయములోను జరిగి ఉండాలన్నది దాని మూలసూత్రము. 1976లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ వ్యాజ్యములో, ఎడమచేయి పోయిన వడ్రంగి ఆ వృత్తి ఇక చేయలేడు గనుక అది సంపూర్ణ అశక్తత అని సుప్రీంకోర్టు చెప్పింది. అనగా నష్టమును శరీర భాగముతో మాత్రమే గాక, మనిషి చేసే పనితో కొలవాలి. ఈ చట్టము తరువాత 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది.

అయితే 1923 చట్టపు పట్టికలో పేలుడు మందు వాడిన తవ్వకము చేరింది గాని, చేతులతో చేసే సాధారణ సేద్యపు కూలికి చోటు లేకపోయింది. తనకు తానుగా వజ్రాలు వెదకేవానికైతే యజమానియే లేడు. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైనది. 2005 నాటి ఆ చట్టము పనిచోట గాయపడినవారికి ఉచిత వైద్యమును, మరణము లేక శాశ్వత అంగవైకల్యము సంభవిస్తే 25,000 రూపాయలను నిర్ణయించింది. పాత గాయము ముదిరి సగము శక్తి పోయినవాని సంగతి మాత్రము మాటల మధ్యనే మిగిలింది.

ఇక్కడ రెండు అబద్ధములు పొంచి ఉన్నవి. నష్టమంతా పాతదేనని యజమాని అంటాడు. పరిహారము రాదేమోనన్న భయముతో కూలీ పాత గాయమును దాచిపెడతాడు. రెండవది పేదవాని భయము. అయినను అది అతనికే కీడు. దాచినది బయటపడితే నిజమైన దెబ్బను కూడ ఎవరూ నమ్మరు. నిజము చెబితే పాత వైద్యుని చీటీయే సాక్ష్యమవుతుంది: ఆ గాయముతోనే అతడు నిన్నటివరకు తట్ట మోశాడు, మస్టరులో అతని పేరున్నది, నేడు మోయలేడు. ఈ నిన్నటికీ నేటికీ గల తేడాయే అతడు అడుగవలసిన పరిహారము.

కనుక సంఘకాపరి పని ప్రార్థనతో ముగియదు. ప్రమాదము జరిగిన దినము, స్థలము, చేయుచున్న పని, చూచినవారి పేర్లు వెంటనే వ్రాయించాలి. యజమానికి నోటీసు ఇప్పించాలి. పాత చీటీలను భద్రపరచాలి. యోహాను 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు మూలమును వెదకారు. ప్రభువు వారి దృష్టిని జరుగవలసిన క్రియవైపు త్రిప్పెను. గాయము పాతదా కొత్తదా అని వాదించే చోట, సంఘము అడుగవలసిన ప్రశ్న కూడ అదే: ఈ మనిషి నేడు ఏమి పోగొట్టుకొన్నాడు, దానిని ఎవరు చెల్లించాలి?