వాడుక తప్పిన ఆంగ్ల క్రియలు - రూపసామ్యము

ఆంగ్ల భాషలో ఒకప్పుడు విరివిగా వాడబడి నేడు వాడుకనుండి తొలగిపోయిన క్రియలు అనేకము కలవు. వీటిలో కొన్ని, నేటికీ వాడుకలో ఉన్న వేరే పదముల రూపములోనే, లేక దానికి మిక్కిలి దగ్గరగా కనబడును. తెలియని పదము ఎదురైతే విద్యార్థి నిఘంటువు తీయును. తెలిసినదే అనిపించిన పదమునకు ఎవరూ నిఘంటువు తీయరు. అందుచేత ఇటువంటి క్రియల వద్ద పొరపాటు జరిగిన సంగతి కూడా చదువరికి తెలియదు. 1611లో ముద్రితమైన కింగ్ జేమ్స్ బైబిలును, షేక్‌స్పియర్ నాటకములను చదువువారికి ఈ చిక్కు తరచుగా ఎదురగుచుండును.

లెట్

ఈ తరగతిలో ముఖ్యముగా చెప్పవలసినది 'లెట్'. నేటి ఆంగ్లములో దీనికి 'అనుమతించు' అని అర్థము. అయితే ప్రాచీన ఆంగ్లములో 'లెట్టన్' అనే మరొక క్రియ ఉండెడిది. దాని అర్థము అడ్డగించు, ఆలస్యము చేయు. ఆలస్యమును తెలుపు 'లేట్' అను మాట దీనికి దగ్గరి చుట్టము. కాలక్రమమున ఈ రెండు క్రియలూ ఒకే రూపమునకు వచ్చినవి కాని, అర్థములు మాత్రము పరస్పర విరుద్ధములుగానే నిలిచినవి.

హామ్లెట్ నాటకము ప్రథమాంకములో తండ్రి ప్రేతము వెంట వెళ్ళబోవు హామ్లెట్‌ను అతని మిత్రులు పట్టుకొని ఆపుదురు. తనను 'లెట్' చేయువానిని ప్రేతముగా మార్చెదనని అతడు వారిని బెదిరించును. ఇచ్చట 'అనుమతించు' అని చదివినచో సన్నివేశమే పొసగదు. బైబిలులో మరింత జాగ్రత్త అవసరము. రోమీయులకు వ్రాసిన పత్రిక 1వ అధ్యాయము 13వ వచనములో పౌలు, రోమాకు రావలెనని తాను అనేక పర్యాయములు తలచినను ఇంతవరకు 'లెట్' చేయబడితినని చెప్పును. ఆటంకము కలిగినదని భావము. నేటి అర్థముతో చదివినవానికి ఇది సరిగా తలక్రిందులగును. 1881లో వెలువడిన సవరించిన క్రొత్త నిబంధనలో ఈ మాట తీసివేసి 'హిండర్' అను క్రియను ఉంచిరి.

ఈ పాత పదము పూర్తిగా చావలేదు. భారతీయ పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న అభ్యర్థనలో, 'లెట్ ఆర్ హిండ్రన్స్' లేకుండ ప్రయాణీకుని పోనిమ్మని ఉన్నది. పాస్‌పోర్టు ఉన్న ప్రతివారి ఇంటనూ ఈ మాట ఉన్నదన్నమాట.

క్వోత్

'క్వోత్' అనగా 'అనెను'. దీనిని 'ఉదహరించు' అను అర్థము గల 'క్వోట్' యొక్క పాత రూపమనుకొనుట సాధారణమైన పొరపాటు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. 'క్వోత్' ప్రాచీన ఆంగ్ల క్రియకు భూతకాల రూపము. వీలునామాలలో కనిపించు 'బిక్వీత్' దీని బంధువు. 'క్వోట్' లాటిన్ నుండి వచ్చినది. 'ఎన్ని' అను అర్థము గల మాట దీనికి మూలము. గ్రంథభాగములకు సంఖ్యలు వేయుట దీని మొదటి అర్థము.

మీథింక్స్, లిస్ట్

'మీథింక్స్' అను మాటను 'నేను ఆలోచించుచున్నాను' అని అనువదించుట సరికాదు. ప్రాచీన ఆంగ్లములో 'థెంచన్' (ఆలోచించు), 'థ్యుంచన్' (తోచు) అని రెండు వేరు క్రియలు ఉండెడివి. మీథింక్స్ రెండవదానికి చెందినది. 'నాకు తోచుచున్నది' అను తెలుగు వాక్యము దీనికి అక్షరాలా సరిపోవును. ఆంగ్లేయ విద్యార్థికి వింతగా తోచు ఈ నిర్మాణము తెలుగువారికి ఉగ్గుపాలతో వచ్చినదే. 'లిస్ట్' అను పాత క్రియ కూడ ఇటువంటిదే. 'అతనికి ఇష్టమగు' అన్నట్లుగా దానిని వాడెడివారు. యోహాను సువార్త 3వ అధ్యాయములో గాలిని గురించి చెప్పినచోట ఇది కనబడును. జాబితా అను అర్థము గల 'లిస్ట్' ఫ్రెంచి నుండి వచ్చిన వేరొక పదము.

విట్, ఇవిస్

'విట్' అనగా ఎరుగు. వర్తమానకాలములో 'వాట్', భూతకాలములో 'విస్ట్' అని దీని రూపములు. సంస్కృతములోని 'విద్' ధాతువు, 'వేద' అను రూపము దీనికి సోదరములని భాషాశాస్త్రము నిర్ధారించినది. న్యాయ పత్రములలో 'టు విట్' అని నేటికీ వ్రాయుదురు. 'ఇవిస్' అను పదము మాత్రము క్రియయే కాదు. 'నిశ్చయముగా' అని అర్థమిచ్చు క్రియావిశేషణము. తరువాతి కాలమువారు దీనిని రెండుగా విడదీసి, 'ఐ విస్', అనగా 'నేనెరుగుదును', అని భావించిరి. అట్లు ఎన్నడూ లేని ఒక క్రియ కేవలము పొరపాటువలన పుట్టినది.

ఇయర్

ఆదికాండము 45వ అధ్యాయములో యోసేపు, ఇంకను అయిదేండ్లు 'ఇయరింగ్' గాని కోత గాని ఉండదని సోదరులతో చెప్పును. ఇది చెవి కాదు, ధాన్యపు వెన్ను కూడ కాదు. దున్నుట అను అర్థము గల 'ఎరియన్' అను ప్రాచీన క్రియ. లాటిన్ 'అరారే', సాగుకు తగిన భూమిని తెలుపు 'ఆరబుల్' దీని బంధువులు. వాక్యములో కోత ప్రస్తావన ప్రక్కనే ఉండుటచేత, వెన్ను తీయుట అని భ్రమించుటకు అవకాశము ఎక్కువ.

తెలుగులో నాగలిని 'ఏరు' అందురు. ఏరువాక అను మాట అందుండి వచ్చినదే. ఎరియన్‌తో దీనికి రూపమూ అర్థమూ కూడ కలియుట చూచి, రెండూ ఒకటేనని కొందరు ఉత్సాహపడవచ్చును. కాని ఏరు ద్రావిడ పదము, తమిళములోనూ 'ఏర్' అనియే ఉన్నది. ఎరియన్ ఇండో-యూరోపియన్ కుటుంబమునకు చెందినది.