లక్కిరెడ్డిపల్లె కనుమలో ముగ్గురు నవాబులు

కందనవోలును, అంటే కర్నూలును, ఏలిన నవాబు హిమ్మత్ ఖాన్ పోరాడి చచ్చాడు. పఠాను తెగువకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నా మనసును కలచివేసేది మాత్రం ఆ చావు కాదు. అంతకు రెండు నెలల ముందు చెంజి కోట దగ్గర అతడు కళ్లారా చూసి కూడా లెక్కకు తెచ్చుకోని సంగతి.

1748లో నిజాముల్ ముల్క్ కన్నుమూశాక దక్కను గద్దె కోసం అతని కొడుకు నాజర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ కలబడ్డారు. ఆదోని జాగీరుదారు ముజఫర్ జంగ్ పుదుచ్చేరి గవర్నరు డూప్లే పంచన చేరాడు. కర్నూలు, కడప, సవనూరు పఠాను నవాబులు ముగ్గురూ నాజర్ జంగ్ వెంట నడిచారు. నడిచారు గానీ మనసు నిలవలేదు. పేష్కష్ (కప్పం) బకాయిల మాఫీ, కొత్త పరగణాలు, ఖజానాలో వాటా ఆశించి లోలోపల డూప్లేతో చేతులు కలిపారు.

1750 డిసెంబరు 16న ఇంకా తెల్లవారకముందే ఫ్రెంచి సేనాని లా తూష్ చెంజి దగ్గర నాజర్ జంగ్ దండు మీద పడ్డాడు. అతని వెంట ఉన్నది సుమారు 800 మంది తెల్ల సైనికులు, 3000 మంది సిపాయిలు, పది చిన్న ఫిరంగులు. ఎదురుగా మైళ్ల పొడవున లక్షల జనంతో దండు. నవాబుల సేనలు ఏనుగు మీద తెల్లజెండా ఎత్తి, కత్తి దూయకుండా పక్కన నిలబడ్డాయి. ఆ ఉదయం యుద్ధాన్ని నింపాదిగా చూసే తీరిక దొరికింది వాళ్లకే.

ఏం చూసి ఉంటారు? మన పెద్ద ఫిరంగిని ఎద్దులు లాగాలి, ఒకసారి పేలిస్తే మళ్లీ పేల్చడానికి పావుగంట పట్టేది. ఫ్రెంచి వాళ్ల తేలికపాటి ఫిరంగి చక్రాల మీద ముందుకు దొర్లుతూ నిమిషానికి అయిదారుసార్లు పేలేదని 1746లో మద్రాసు దగ్గర ఆర్కాటు నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ సేన ఓడిపోయినప్పుడే తెలిసింది. వత్తి ముట్టించే తుపాకీకి బదులు చెకుముకి తుపాకీ. మందూ గుండూ ఒకే కాగితపు పొట్లంలో. ఒక వరస కాలుస్తుంటే ఇంకో వరస మందు కూరుతుంది. గుర్రాలు మీదికొస్తే తుపాకీ కొనకు బిగించిన సంగీనే బల్లెం. వీటన్నిటికీ వెనక ఆయుధం కాని ఆయుధాలు రెండు: రోజూ కవాతు, సరైన జీతం.

ఇదేమీ సీమకు తెలియని విద్య కాదు. వందేళ్ల ముందే గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివాడి చేత ఫిరంగులు పోత పోయించాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఆ సంగతి రాసిపెట్టాడు. కర్నూలు, కడప నవాబులకు ఆ విద్యను అడిగే అదను ఉంది, ఫ్రెంచి మిత్రుడు ఎదురుగానే ఉన్నాడు. ఆ ఉదయమే నాజర్ జంగ్ పఠానుల తుపాకీ గుండుకు ఏనుగు మీద కూలిపోయాడు. దానికి ప్రతిఫలంగా వాళ్లు కోరింది ఖజానా, పరగణాలు. మిత్రుడి విలువను రూపాయల్లోనే కట్టారు. నేనైతే వాళ్ల పతనం అక్కడే మొదలైందంటాను.

కోరినంతా దక్కలేదు. 1751 జనవరిలో దక్కను కొత్త సుబేదారు ముజఫర్ జంగ్ హైదరాబాదు దారి పట్టాడు. వెంట ఫ్రెంచి సేనాని బుస్సీ, 300 మంది యూరోపియన్లు, 2000 మంది సిపాయిలు. దండు కడప సీమలోకి రాగానే కొందరు రౌతులు పల్లెలకు నిప్పు పెట్టారు. ఆ మంట తగాదాకు సాకైంది. రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె కనుమను నవాబులు ఫిరంగులతో కాపు కాశారు. బుస్సీ ఫిరంగులు వచ్చేదాకా ఆగలేక దూకిన ముజఫర్ జంగ్ గుర్రపు దళాన్ని తిప్పికొట్టారు కూడా. ఆ కాసేపూ గెలుపు పఠానులదే. అంతలో ఫ్రెంచి ఫిరంగులు అందుకున్నాయి. చెంజి దగ్గర పక్కన నిలబడి చూసిన ఆ మోతే ఇప్పుడు తమ గుండెల మీద. సవనూరు నవాబు కూలాడు. కడప నవాబు గాయాలతో తప్పించుకున్నాడు. తరుముకొచ్చిన ముజఫర్ జంగ్ మీదికి హిమ్మత్ ఖాన్ వెనుదిరిగి ఈటె దించాడు. సుబేదారు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. మరుక్షణం హిమ్మత్ ఖాన్‌ను తునకలు చేశారు.

అయ్యో, అంతటి మొండి ధైర్యం! దానికి ఫిరంగులు పేల్చే పది మంది గోలందాజులు తోడుంటే ఈ సీమ కథ ఎలా నడిచేదో.

బుస్సీ అదే దండులో ఉన్న నాజర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి ముందుకు సాగాడు. దారిలో కర్నూలు. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట నిలిచిన కోటను ముట్టడించి పట్టారు. కాపలా పఠానులను ఊచకోత కోశారు, నవాబు భార్యాబిడ్డలు బందీలయ్యారు.

చెంజి దండులో ఆ ఉదయాన్ని చూసిన చిన్న సర్దారు ఇంకొకడున్నాడు, మైసూరు బలగంతో వచ్చిన హైదర్ అలీ. అతడు చూసింది మరిచిపోలేదు. 1755లో దిండిగల్లు ఫౌజుదారు కాగానే ఫ్రెంచి పనివాళ్లను రప్పించి ఆయుధశాల పెట్టాడు, తన సిపాయిలకు ఆ కవాతే నేర్పించాడు. 1779లో ఆ సేనతోనే కడప మీదికి వచ్చాడు. సిద్ధవటంలో నవాబు అబ్దుల్ హలీం ఖాన్ లొంగిపోయాడు. అతన్ని కుటుంబంతో సహా శ్రీరంగపట్నానికి తరలించారు. కడపలో మయానా పఠానుల ఏలుబడి అంతటితో ముగిసింది.