ధాత కరవు – ఒక పౌను ధాన్యం



'అన్నము' అన్న మాట 'అద్' అను సంస్కృత ధాతువునుండి వచ్చినది. తినబడునది అన్నము. ఈ వ్యుత్పత్తిని తరగతిలో ఎన్నో ఏళ్ళు చెప్పాను. తిన్న అన్నం ఒంట్లో ఏమవుతుందన్న ఆలోచన మాత్రం మా నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువ గట్టున నిలిచినప్పుడు కలిగింది.

1876, ధాత నామ సంవత్సరం. వానలు లేక మదరాసు రాజధానిని మహాక్షామం ఆవరించింది. నెల్లూరు జిల్లా కూడా దాని వాత పడింది. జనులు దానిని ధాత కరవన్నారు. ఆకలిగొన్నవారికి ప్రభుత్వం మన్ను తవ్వే పనులు కల్పించింది. ఈ కాలువలో మదరాసు నగరాన అడయారును కూవాన్ని కలిపే భాగం 1877-78లో అట్లా తవ్వించినదే. నాటి గవర్నరు పేరే కాలువకు పెట్టారు.

1877 మొదట్లో భారత ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించదలచి, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన స్వల్పంగా రొక్కం చాలునన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మదరాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ అది చాలదన్నాడు. ఒకటిన్నర పౌను ధాన్యం, పప్పు, కూరలు ఉండవలెనని వాదించాడు.

నేటి లెక్కతో చూద్దాం. 450 గ్రాముల బియ్యంలో దాదాపు 1600 కిలోకెలోరీలు. దినమంతా గడ్డపార పట్టేవానికి సుమారు 3000 కావాలి. తక్కిన సగం ఎక్కడిది?

వరిపైరు సూర్యుని వెలుగును గింజలో పిండిపదార్థంగా దాస్తుంది. తిన్నప్పుడు అది గ్లూకోజుగా విడివడి, కణాలలో ప్రాణవాయువుతో కలిసి శక్తినిస్తుంది. ఆ శక్తి ఏటీపీ అను అణువులలోకి చిల్లర నాణెములవలె మారి, కండరాల కదలికకు ఖర్చవుతుంది. తిండి చాలనినాడు కాలేయంలోని గ్లైకోజెన్ నిల్వ ఒక రోజుకు మించి రాదు. పిదప కొవ్వు, దానితోపాటు కండ కరుగుతాయి. కూలివాడు తవ్విన మట్టికి సగం శక్తి వాని దేహమే ఇచ్చింది.

ఈ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏట జర్మనీలో లోమాన్ కూడా వేరుగా కనుగొన్నాడు.

టెంపుల్‌కు గాని కార్నిష్‌కు గాని ఈ రసాయనం తెలిసే కాలం కాదది. అయినా పనిచేసేవానికి తిండి ఎక్కువ కావాలన్న సంగతి కార్నిష్ గ్రహించాడు. ఆ ఏడే మదరాసు ప్రభుత్వం కొలతను కొంత పెంచింది. అప్పటికే ఎందరి దేహాలలోనో నిల్వ నిండుకున్నది. క్షామం ముగిసేసరికి లక్షల ప్రాణాలు పోయాయి.

మీ ఇళ్ళలో ధాత కరవు మాట పెద్దల నోట విన్నవారుంటే దయచేసి వ్రాయండి.