విచారణ లేని సంతకం

గదర్ విప్లవకారుడు దరిశి చెంచయ్య మా దర్శివాడేనని వాదించేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఇంటిపేరు ఊరిదైతే కావచ్చు, మనిషి మాత్రం కనిగిరిలో పుట్టాడు, 1890లో. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి.

నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. రెండు పక్షాలూ ఎదురుగా కూర్చుని, రాసింది చదివించుకుని, సాక్షులు సంతకాలు పెడితే తప్ప మా దగ్గర సెంటు భూమి చేతులు మారదు. అందుకే చెంచయ్య కాలంనాటి చట్టాల గురించి చదివేటప్పుడు నా కళ్లు సంతకాల మీదే ఉంటాయి.

1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకి గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆయనది కర్నూలు. మొదట ఆరు నెలలు పడింది. అది చాలదని సర్కారు పైకోర్టుకు వెళ్లి మూడేళ్లు వేయించింది. ఘోరమే. అయినా ఆ రాత కోర్టులోకి వచ్చింది, దాని మీద వాదన జరిగింది, తీర్పు కాగితం మిగిలింది.

చెంచయ్య 1912లో చదువుకని అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో బ్రిటిష్ పాలన మీద తిరగబడాలనుకున్న లాలా హరదయాళ్ బృందంలో కలిశాడు. 1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ బృందం ‘గదర్’ పత్రిక మొదలైంది. ఇక్కడ అచ్చేస్తే ప్రెస్సుకి తాళం పడేది. అక్కడి ప్రెస్సు మీదికి లండన్ చెయ్యి చాచలేకపోయింది. దాంతో మనిషిని పట్టుకునే దారి వెతికారు. 1901లో ఒక అనార్కిస్టు అధ్యక్షుడు మెకిన్లీని కాల్చి చంపాక, అలాంటివాళ్లను దేశంలోకి రానివ్వకూడదని 1903లో అమెరికా చట్టం చేసుకుంది. 1914 మార్చిలో హరదయాళ్‌ను ఇమిగ్రేషన్ అధికారులు అరెస్టు చేసింది ఆ పేరు మీదే. జామీను మీద బయటికొచ్చి ఆయన స్విట్జర్లాండుకు దాటిపోయాడు.

అసలు పని అయింది ఆ సెప్టెంబరులో. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నెలకి ఇండియా ప్రభుత్వం ప్రవేశ నియంత్రణ ఆర్డినెన్సు తెచ్చింది. ఓడ దిగే మనిషిని ఆపొచ్చు, నిర్బంధించొచ్చు, సొంతూరు పొలిమేర దాటొద్దని కట్టడి చెయ్యొచ్చు. నేరం రుజువు చేసే పని లేదు. అక్టోబరులో తోసామారు ఓడ కలకత్తా చేరితే అందులోని గదర్ మనుషుల్ని చాలామందిని రేవులోనే పట్టుకుని జైళ్లకు పంపారు. వాళ్లలో తుపాకీ పట్టాలనుకున్నవాళ్లు లేరని నేననను. ఉన్నారు. కానీ ఎవరు తుపాకీ మనిషో ఎవరు మాట మనిషో తేల్చడానికే కదా కోర్టులుండేది! ఆ తేల్చే పనే ఎగ్గొట్టారు.

గదర్ వాళ్లు సయాం మీదుగా బర్మాలోకి చొరబడాలని పథకం వేశారు. చెంచయ్య అందులో ఉండి పట్టుబడ్డాడు, జైలుకు పోయాడు. బయటపడేసరికి 1919. తర్వాత మద్రాసులో సంఘ సంస్కరణలో, కమ్యూనిస్టుల మధ్య తిరిగాడు. ‘నేనూ నా దేశం’ అని ఆత్మకథ రాశాడు. 1964లో పోయాడు.

విచారణ లేని ఈ సంతకం రుచి మరిగాక ప్రభుత్వాలు దాన్ని వదలలేదు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, కమ్యూనిస్టు అయిన షాపుర్జీ సక్లత్వాలాకు 1925లో అమెరికా వీసా రద్దు చేసింది. 1927లో ఆయన ఇండియా అంతా తిరిగి వెళ్లాక, మళ్లీ ఇక్కడికి రాకుండా లండన్ అడ్డం కొట్టింది. బొంబాయిలో పుట్టినవాడికి బొంబాయి మూతపడింది. 1929లో లేబర్ ప్రభుత్వం వచ్చినా తలుపు తియ్యలేదు.

ఆ అలవాటు ఈ శతాబ్దంలోనూ పోలేదు. 2009 ఫిబ్రవరిలో డచ్చి ఎంపీ గీర్ట్ విల్డర్స్‌ని ముస్లిం వ్యతిరేక మాటలకు భయపడి లండన్ హీత్రూ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. ఆ మనిషి మాటలు నాకు గిట్టవు. అయినా ఆయన ట్రైబ్యునల్‌కి వెళ్లాడు, అదే అక్టోబరులో ఉత్తర్వు కొట్టేయించుకున్నాడు. తోసామారు దిగినవాళ్లకు అర్జీ పెట్టుకోవడానికి అలాంటి గడప ఒక్కటీ లేదు.