ముఖం లేని మొక్కజొన్న బొమ్మ

ఈసారి ఒక చిన్న బొమ్మ గురించి. మొక్కజొన్న పొత్తు వలిస్తే పైన పొరలు వస్తాయి కదా, వాటిని ఎండబెట్టి చేసిన బొమ్మ. చేతులుంటాయి, జడ ఉంటుంది, బట్టలుంటాయి. ముఖం దగ్గర మాత్రం ఏమీ ఉండదు. కళ్లు, ముక్కు, నోరు ఏవీ గీయరు. చూడగానే హారర్ సినిమా గుర్తొచ్చిందా? ఆగండి, కథ అది కాదు.

ఇది ఉత్తర అమెరికాలోని హోదినోషోనీల బొమ్మ. పుస్తకాల్లో వీళ్లని ఇరోక్వాయ్ అంటారు, కానీ ఆ పేరు ఫ్రెంచ్‌వాళ్ల ద్వారా వచ్చింది. వాళ్ల సొంత పేరుకి అర్థం 'పొడవాటి ఇంటి జనం'. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, తర్వాత చేరిన టస్కరోరా, మొత్తం 6 జాతుల కూటమి. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో చాలా భాగం వాళ్ల నేలే.

వాళ్లు చెప్పే కథ ఇది. మొక్కజొన్న తల్లికి తిండి పెడితే సరిపోదు, ఇంకా ఏదైనా చేయాలి అనిపించింది. తన పొరలతోనే ఒక అందమైన బొమ్మని చేసింది. ఆ బొమ్మ ఊరూరా తిరిగి పిల్లల్ని ఆడించేది. ఒకరోజు నీళ్లలో తన ముఖం చూసుకుంది. అంతే, పిల్లల్ని వదిలేసి తనని తాను చూసుకుంటూ కూర్చుంది. (అవును, సెల్ఫీ పిచ్చే.) సృష్టికర్త హెచ్చరించాడు, వినలేదు. ముఖం తీసేశాడు.

అందరూ ఈ కథని గర్వం గురించే చెప్తారు. నాకు మాత్రం దాని మొదటి ముక్కే ముఖ్యం అనిపిస్తుంది: పిల్లలకి తిండి పెట్టేదీ, ఆట బొమ్మ ఇచ్చేదీ ఒకే పంట. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసి వాటిని 'ముగ్గురు అక్కచెల్లెళ్లు' అనేవాళ్లు. చేలు ఆడవాళ్లవి. పండించేదీ వాళ్లే, పంచేదీ వాళ్లే. నాయకుణ్ణి ఎంచేదీ, తప్పు చేస్తే దించేదీ వంశపు పెద్ద తల్లులే. పొత్తుల పొరల్ని జడలా అల్లి ఇంటి దూలాలకి వేలాడదీసేవాళ్లు. అవే పొరలతో చాపలు, చెప్పులు, ఉప్పు దాచే సీసాలు కూడా చేసేవాళ్లు.

ఈ సంగతి శత్రువులకీ బాగా తెలుసు. 1687లో ఫ్రెంచ్ గవర్నర్ దెనాన్‌విల్ సైన్యం గనొండగన్ అనే సెనెకా ఊరి మీదకొచ్చి, చేలనీ గింజల నిల్వలనీ నాశనం చేసింది. తర్వాత 1779. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది, 6 జాతుల్లో ఎక్కువ మంది బ్రిటిష్ వైపు ఉన్నారు. జార్జ్ వాషింగ్టన్ జనరల్ సలివాన్‌ని పంపాడు. సరిగ్గా పొత్తులు గింజ పట్టే కాలం. సలివాన్ ఇచ్చిన రిపోర్టు ప్రకారం 40 ఊళ్లు, 1,60,000 బుషెళ్ల మొక్కజొన్న ధ్వంసం. బుషెల్ అంటే దాదాపు 25 కిలోల గింజలు, అంటే 4,000 టన్నులు! ఆ చలికాలం మహా ఘోరమైనది. నయాగరా కోట చుట్టూ వేలమంది చేరారు, ఆకలికీ చలికీ ఎంతోమంది చనిపోయారు.

వాషింగ్టన్‌ని వాళ్లు 'ఊళ్లు నాశనం చేసేవాడు' అని పిలిచేవాళ్లు. 1790లో సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ ఆ మాట ఆయనకే చెప్పాడు. ఆ పేరు వినబడితే మా ఆడవాళ్ల ముఖం పాలిపోతుంది, పిల్లలు తల్లి మెడ గట్టిగా పట్టుకుంటారు అని. అప్పటికి వాషింగ్టన్ దేశాధ్యక్షుడు.

మరి బొమ్మ? దాన్ని చేయడానికి కత్తి, పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఎండిన పొరల్ని నీళ్లలో నానబెడితే మెత్తబడతాయి. కొన్ని కలిపి కట్టి, వెనక్కి మడిస్తే తల. సన్నగా అల్లితే చేతులు. నడుము కట్టి కింద వదిలేస్తే లంగా, రెండుగా చీల్చి కడితే కాళ్లు. అమ్మమ్మలు పిల్లలకి నేర్పుతూ వచ్చారు, ఇప్పటికీ నేర్పుతున్నారు. ఇవే పొరలతో అల్లే ముఖాలు కూడా ఉన్నాయి, కానీ అవి పూజకి సంబంధించినవి. వాటిని అమ్మొద్దు, ప్రదర్శనకి పెట్టొద్దు అని హోదినోషోనీ పెద్దలే అడుగుతున్నారు. అందుకే ఈ వీడియోలో ఆ ఫోటోలు పెట్టలేదు.

ఇక 1687లో చేలు నాశనమైన ఆ గనొండగన్, న్యూయార్క్‌లోని విక్టర్ పట్టణం దగ్గర ఇప్పుడు చారిత్రక స్థలం. వాళ్ల పాత తెల్ల మొక్కజొన్నని అక్కడ మళ్లీ పండిస్తున్నారు. పొత్తుల్ని చేత్తో వలిచి, పొరల్ని జడలుగా అల్లి ఆరబెడుతున్నారు.