తంజావూరు: చూడదగ్గ చోట్లు, భోజనం, బస

తంజావూరు తమిళనాడులోని కావేరి డెల్టాలో ఉన్న చారిత్రక నగరం, జిల్లా కేంద్రం. చోళుల రాజధానిగా వెలిగిన ఈ ఊరు 16వ శతాబ్దంలో తెలుగు నాయకుల చేతికి, 17వ శతాబ్దంలో మరాఠా భోసలేల చేతికి వచ్చింది. 1799లో రెండో సర్ఫోజీ పాలనాధికారాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1855లో మగ వారసుడు లేడన్న సాకుతో కంపెనీ ఆ రాచరికాన్నే రద్దు చేసింది. దగ్గరి విమానాశ్రయం తిరుచిరాపల్లిలో ఉంది. చెన్నై ఎగ్మోర్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు.

రామేశ్వరం, మదురై యాత్రకు బయల్దేరిన తెలుగువాళ్లు ఇక్కడ రెండు గంటలు ఆగి, పెద్ద గుడి చూసి మళ్లీ బస్సెక్కేస్తుంటారు. అది పొరపాటు. ఈ ఊళ్లో ఒకరు కట్టినదాని మీద ఇంకొకరు కట్టారు, ఒకరు వేసిన బొమ్మ మీద ఇంకొకరు బొమ్మ వేశారు. ఆ పొరల్లో ఒకటి మనది. అది కనబడాలంటే కనీసం రెండు రాత్రులు ఉండాలి.

పెద్ద గుడి

స్థానికులు పెరియ కోవిల్ అని పిలిచే బృహదీశ్వరాలయాన్ని మొదటి రాజరాజు కట్టించాడు. నిర్మాణం 1010లో పూర్తయింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గర్భగుడి మీది విమానం ఎత్తు 200 అడుగుల పైమాటే. చుట్టుపక్కలంతా ఒండ్రునేల, కొండన్నది కనబడదు. అంత గ్రానైటునూ దూరం నుంచి మోసుకొచ్చారన్న సంగతి గుర్తుంచుకుని తలెత్తి చూడాలి. విమానం నీడ నేలమీద పడదని గైడ్లు ఇప్పటికీ చెబుతుంటారు. పడుతుంది. సాయంత్రం పూట వెళితే ఎవరికైనా కనబడుతుంది.

నీడ కథ కంటే గోడల మీది శాసనాలు ఆసక్తిగా ఉంటాయి. ఇతర ఆలయాల నుంచి రప్పించిన 400 మంది నాట్యగత్తెల పేర్లు, ఎవరు ఏ వీధిలో ఎన్నో ఇంట్లో ఉండాలో సహా వాటిలో చెక్కి ఉన్నాయి. దీపాల నెయ్యికి ఎవరెన్ని పశువులిచ్చారో కూడా లెక్క ఉంది. ఇది గుడీ, దస్తావేజుల భాండారమూ.

గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకు ప్రదక్షిణ మార్గంలో నాయకరాజుల కాలపు చిత్రాల కింద చోళుల కాలపు చిత్రాలు దాగి ఉన్నాయని 1931లో ఎస్.కె. గోవిందస్వామి కనిపెట్టారు. ఆ మార్గంలోకి మామూలు సందర్శకులను రానివ్వరు. ప్రాకారంలోని ప్రదర్శనశాలలో వాటి నకళ్లు చూసి తృప్తి పడాల్సిందే. ఎదుట ఉన్న పెద్ద నంది నాయకుల కాలం నాటిది. సున్నితమైన చెక్కడపు పని చూడాలంటే సుబ్రహ్మణ్యుడి గుడికి వెళ్లాలి, అదీ నాయకులదే. ప్రాకారం గోడ మీద సర్ఫోజీ 1803లో చెక్కించిన భోసలే వంశ చరిత్ర మరాఠీలో ఉంది.

మధ్యాహ్నం గర్భగుడి మూసేసి మళ్లీ నాలుగు గంటలకు తెరుస్తారు. ఎండాకాలంలో పదింటికే రాతినేల అరికాళ్లను కాలుస్తుంది. పొద్దున్నే ఒకసారి, దీపాలు పెట్టాక ఇంకోసారి వెళ్లడం మేలు.

కోట, సరస్వతీ మహలు

మధ్యాహ్నపు ఖాళీ రాజభవనానికి సరిపోతుంది. నాయకులు మొదలుపెట్టగా మరాఠాలు పెంచిన కట్టడం అది. కొంత భాగం పెచ్చులూడి ఉంటుంది. చోళుల కంచు విగ్రహాల కోసమైనా కళామందిరంలో గంట గడపాలి.

అసలు నిధి సరస్వతీ మహలు గ్రంథాలయం. నాయకుల కాలంలో మొదలైన ఈ పుస్తక భాండారాన్ని సర్ఫోజీ ఎంతగానో పెంచాడు. కాశీయాత్రకు వెళ్లినప్పుడు కూడా వ్రాతప్రతులు సేకరించి తెచ్చాడు. ఇక్కడి ప్రతుల్లో సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగువీ వందల్లో ఉన్నాయి. పరిశోధకులకే లోపలికి ప్రవేశం, మిగతావారికి పక్కన మ్యూజియం ఉంది. చేమకూర వెంకటకవి, రంగాజమ్మ, రామభద్రాంబ, స్వయంగా కవులైన రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు అందరూ ఈ ఆస్థానం వాళ్లే. మన సాహిత్య చరిత్రల్లో దక్షిణాంధ్ర యుగమని చదువుకునే అధ్యాయంలో పెద్ద భాగం ఈ గోడల మధ్య నడిచింది. మరాఠా రాజులు వచ్చాక కూడా తెలుగు ఆగలేదు. వారిలో శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు.

శివగంగ తోట దగ్గరి ష్వార్జ్ చర్చి 1779 నాటిది. అందులో ఫ్లాక్స్‌మన్ మలచిన పాలరాతి శిల్పంలో సర్ఫోజీ తన గురువు ష్వార్జ్ మరణశయ్య పక్కన నిలబడి ఉంటాడు.

చుట్టుపక్కల

తిరువైయారు 13 కిలోమీటర్లు. త్యాగరాజు (1767–1847) సమాధి కావేరి ఒడ్డున ఉంది. దాని మీద ఆలయం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె సమాధి కూడా దగ్గర్లోనే ఉంది, తప్పక చూడాలి. పుష్య బహుళ పంచమి నాడు జరిగే ఆరాధనలో వందలమంది విద్వాంసులు పంచరత్న కీర్తనలు కలిసి పాడతారు. అయిదింటిలో నాలుగు తెలుగువి, ఒకటి సంస్కృతం. మిగతా రోజుల్లో అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది, నది చూస్తూ కూర్చోవచ్చు. మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవతమేళా ఆడతారు. అచ్యుతప్ప నాయకుడు ఇచ్చిన అగ్రహారమది. తరతరాలుగా అక్కడ తెలుగు నాటకాలు ఆడుతున్నారు, వేషాలన్నీ మగవాళ్లే వేస్తారు. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కుంభకోణం వైపు వెళితే దారాసురం గుడి కలిసొస్తుంది.

భోజనం

ఇడ్లీలోకి కడప్ప అడగండి. పేరు వినగానే రాయలసీమ గుర్తొస్తుంది గానీ, ఇది పెసరపప్పు, బంగాళదుంప, కొబ్బరి కలిపి చేసే చిక్కటి కూర. తంజావూరు, కుంభకోణాల వెలుపల అరుదు. సాంబారు ఇక్కడి మరాఠా వంటింట్లోనే పుట్టిందనీ, శంభాజీ పేరే దానికి వచ్చిందనీ ఒక కథ ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది, ఆధారం మాత్రం దొరకదు. మధ్యాహ్నం అరిటాకు మీద సాంబారు, వత్తకుళంబు, రసం, మజ్జిగ వరసగా వడ్డిస్తారు. పచ్చడీ పొడీ వెతుక్కునే ఆంధ్రావాళ్లు కూట్టు, పొరియల్‌తో సర్దుకోవాలి. కాఫీ దవరా టంబ్లరులో ఇస్తారు, డిగ్రీ కాఫీ అన్న పేరు కుంభకోణానిది. తిరువైయారులో అశోక అనే పెసరపప్పు హల్వా చేతికి నెయ్యంటేలా ఉంటుంది. మాంసాహారానికి ఊళ్లో సత్తార్స్ పాత పేరు.

బస

రైల్వే స్టేషన్ నుంచి పాత బస్టాండు వైపు వెళ్లే గాంధీజీ రోడ్డులోనూ దాని చుట్టుపక్కలా లాడ్జీలు, రాష్ట్ర పర్యాటక సంస్థ వారి హోటల్ తమిళనాడు ఉన్నాయి. గుడి నడిచిపోయే దూరం కనుక మామూలు యాత్రికులకు ఇదే మంచి చోటు. కొత్త బస్టాండు ఊరి చివర ఉంది, అక్కడ గది తీసుకుంటే ఆటో ఖర్చు తోడవుతుంది. ఖర్చుకు వెనకాడనివారికి సంగం, పరిసుత్తం హోటళ్లు ఉన్నాయి. పాత భవంతిని బాగుచేసి తెరిచిన స్వాత్మలో శాకాహారమే వడ్డిస్తారు. ఆరాధన రోజుల్లో ముందుగా గది మాట్లాడుకోకపోతే కుంభకోణమో తిరుచ్చో పోవాల్సి వస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలకు తలాడించే బొమ్మలు కొంటారు అందరూ. వీలైతే వీణలు చేసే ఇంటికి కూడా వెళ్లి చూడాలి. బొబ్బిలిలో లాగే ఇక్కడా పనసకర్రే వాడతారు. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే దుంగలో తొలిస్తే దాన్ని ఏకాండ వీణ అంటారు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.